వరసలో చెప్పులు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా బాబుకి మళ్లీ జ్వరం తలకెక్కి, కళ్లు తేలేసి, ఒళ్లు కొయ్యబారిపోయే సమయానికి, వాణ్ని చూడాల్సిన డాక్టరు గోడ అవతలే ఉండి కూడా నేను లోపలికి వెళ్లలేకపోవడం. దయ్యాలంటే భయం లేదు, పాములంటే లేదు, మా అత్తగారంటే కూడా పెళ్లయిన కొత్తలో ఉన్నంత లేదు. ఇదొక్కటే ఉంది.

వాడి పేరు మోక్షిత్. ఇంకా రెండేళ్లు నిండలేదు. జ్వరంతో పాటు ఫిట్స్ రావడం రెండోసారి అయ్యేసరికి, మా ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ, "ఇది నాతో అయ్యే పని కాదు దమయంతీ. జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకి చూపించు. ఆలస్యం మాత్రం చెయ్యకు," అంది. మా ఆయన చేపల లారీ మీద ఒడిశా వెళ్లారు. వాణ్ని చంకనేసుకుని నేనే బయల్దేరాను. అదృష్టం చూడండి, నేను వెళ్లేసరికే జిల్లా ఆసుపత్రిలో ఆలస్యం అన్నది రద్దయిపోయి ఉంది.

గేటు పక్కన మనిషి ఎత్తు అక్షరాలతో బోర్డు పెట్టారు: "ఈ ఆసుపత్రిలో ఎదురుచూసే రోగి లేడు, ఉండడు, ఉండరాదు." తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని కనక పెద్ద అక్షరాలు కనిపిస్తే రెండుసార్లు చదువుతాను. రెండోసారి కూడా అలాగే ఉంది. దాని కింద ఎర్ర దీపాలతో అంకెలు చూపించే పలక ఒకటి: "ప్రస్తుతం నిరీక్షిస్తున్న రోగులు: సున్నా."

లోపల హాల్లో బల్లలు లేవు. కూర్చోవడమంటే ఎదురుచూడటమే కనక తీసేశారట. నేను గోడవారగా నిలబడ్డాను. గార్డు వచ్చాడు.

"ఏటమ్మా, ఎదురుసూత్తన్నావా?"

"అవునండీ. పిల్లల డాక్టరు కోసం."

"అయితే బయటికెళ్లు. ఎదురుసూసేవోలు లోపలుండకూడదు."

బయటికి వచ్చి కాసేపు ఆలోచించి మళ్లీ వెళ్లాను.

"ఎదురుచూడట్లేదండీ," అన్నాను.

"మరెందుకొచ్చినావు? పన్లేనోలు తిరగడానికి ఇది పార్కేటి?"

నిజమే కదా అనిపించింది. రోడ్డు దాటి అవతల టీ కొట్టు పరదా కింద నిలబడ్డాను. అక్కడ వందమంది దాకా ఉన్నారు. కట్లతో, దగ్గులతో, కడుపులు పట్టుకుని. వాళ్లెవరూ ఎదురుచూడటం లేదు.

"ఓలమ్మీ, ఇలగ రా," అని ఒక ముసలావిడ పిలిచింది. ఇటికెల మీద కుడికాలు చాపుకుని కూర్చుంది. పేరు అసిరమ్మ. నా కంటే చాలా ముందునుంచీ అక్కడ ఎదురుచూడకుండా ఉంది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడిపోయాయి. సుగరుంది. కుడికాలి చిటికెన వేలికి పుండు పడి మానటం లేదు. ఆ వేలికి ఒరుసుకోకుండా రబ్బరు చెప్పుకి ఆ మూల బ్లేడుతో కోసుకుంది.

"మనిసి నిలబడితే నేరవు. సెప్పులు నిలబడితే కాదు," అంది. "ఆ వరస సూడు. నీయి కూడా ఆడ ఇప్పీసి ఇటొచ్చీ."

అప్పుడు చూశాను. ఆసుపత్రి మెట్ల దగ్గర్నుంచి గేటు దాకా చెప్పుల బారు. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, పోలీసాయన బూట్లు ఒక జత. మాకిది కొత్తేం కాదు. రేషను షాపు దగ్గర సంచులు నిలబడతాయి, కుళాయి దగ్గర బిందెలు నిలబడతాయి, మనుషులం నీడలో కూర్చుంటాం. ఎవరి సంచి ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ జరపరు. ఆసుపత్రి పైన పెట్టిన కెమెరా తలకాయలే లెక్కపెడుతుందని ఎవరో కనిపెట్టారు. చెప్పులకు తలకాయలుండవు. అందుకే పలక మీద సున్నా.

ఈ సున్నా వెనక ఉన్న కథ కూడా అసిరమ్మే చెప్పింది. మన ఆరోగ్య మంత్రిగారు పరిశీలన కోసం లండన్ వెళ్లారు. అక్కడి ఆరోగ్య మంత్రి హాబ్లీ దొర ఆయన్ని భోజనానికి పిలిచి, రోగులు ఎదురుచూస్తున్నారన్న మాట ప్రభుత్వాల్ని కూల్చేస్తుందని చెప్పాడట. మంత్రిగారు తిరిగొచ్చి విమానం దిగిన రోజే నిరీక్షణ నిర్మూలన పథకం ప్రకటించారు. దానికొక ప్రత్యేకాధికారిని వేశారు. నీలాద్రిరావుగారు.

ఆ నీలాద్రిరావుగారు మర్నాడు ఉదయం తనిఖీకి వచ్చారు. చెప్పుల బారు చూసి ఆగిపోయారు. ఇక ఎత్తి రోడ్డు మీద పారేయిస్తారని మేమంతా టీ కొట్టు దగ్గర్నుంచి గుండెలు అరచేత పట్టుకుని చూస్తున్నాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బారు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు.

"డాక్టరుగారూ," అన్నారు పక్కనున్న సూపరింటెండెంటు పరాంకుశంగారితో, "ఇది క్షేత్రస్థాయి నుంచి స్వచ్ఛందంగా ఉద్భవించిన వినూత్న ప్రక్రియ. దీన్ని వ్యవస్థీకరించాలి."

"అయ్యా, ఇవి చెప్పులండీ."

"చెప్పులు అనకండి. ప్రతినిధులు అనండి."

సాయంత్రానికల్లా మైకులో విధివిధానాలు చెప్పారు. ఒక జతకు ఒక రోగి. చెప్పుల్లేనివాడు రోగి కాడు. ఒంటి చెప్పు అరరోగి కింద లెక్క. ఎవరి కాళ్లకు ఆ చెప్పులుంటే వారే ఆ రోగి. మోకాలి కింద కాలు తీసేసిన ఒకాయన ఉన్నాడు, రైల్వేలో పనిచేసి వచ్చినవాడు. ఆయన ఒక్క చెప్పే తెచ్చుకుంటే అరరోగి అన్నారు, అరమందు ఇస్తామన్నారు. ఆయన నవ్వి, పక్కవాళ్ల దగ్గర రెండో చెప్పు అడిగి తెచ్చుకున్నాడు. చెప్పుల్లేని ఇంకొకతను ఇటిక పెట్టాడు. గార్డు దాన్ని కాలితో తన్ని, "ఇటిక్కి జబ్బేటిరా?" అన్నాడు.

నాకు అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మోక్షిత్ పేరు మీద వాడి చెప్పులే పెట్టాలి కదా అని, నడిస్తే కుయ్ కుయ్ మనే బుల్లి చెప్పులు వరసలో పెట్టాను. గార్డు వాటిని వేలితో నొక్కి చూశాడు. కుయ్ మన్నాయి.

"ఇయి సెప్పులా, ఆటసామానా? కెమెరాకి ఆనవు. తీసీ."

"పోనీ నా చెప్పులు పెట్టనా వాడి బదులు?"

"నీకేటి జబ్బు?"

"నాకేం లేదండీ."

"జబ్బు లేనోలు పెడితే తప్పుడు ప్రాతినిజ్జం. కేసవుద్ది."

"మరి పిల్లాణ్ని ఎలా చూపించడం?"

గార్డు చెడ్డవాడు కాదు. నిజంగానే ఆలోచించాడు. "కాలు పెరిగినాక తీసుకురా," అన్నాడు.

అసిరమ్మ విని పగలబడి నవ్వింది. "పెరుగుద్దిలే ఇప్పుడే," అని, నన్ను సందు చివర చెప్పులవాడి దగ్గరికి పంపించింది. మా మామగారి కాళ్లంత పెద్ద హవాయి చెప్పులు కొని తెచ్చి, మోక్షిత్ పేరు రాసి బారు చివర పెట్టాను. గార్డు వచ్చి చూసి, "ఇప్పుడు సరిపోనాది," అన్నాడు. ఏడాదిన్నర పిల్లాడికి అంత పాదమేమిటని ఎవరూ అడగలేదు. పిల్లాణ్ని ఎవరూ చూడలేదు కనక.

ఆ తర్వాత పని చాలా వేగం అందుకుంది. రోగిని పిలవడం, రోగి రోడ్డు దాటి రావడం, ఇదంతా కాలహరణం అని తేల్చారు. డాక్టర్లే బయటికి వచ్చి బారు వెంట నడుస్తూ చెప్పుల్ని చూసి మందులు రాయడం మొదలుపెట్టారు. మడమ ఒక పక్క అరిగితే మోకాళ్ల నొప్పి. బొటనవేలి ఉంగటం తెగితే నరాల బలహీనత. బురద అంటితే విరేచనాలు. మాత్రలు చెప్పుల్లోనే పోసి వెళ్లిపోయేవారు. ఒక పూటలో ఎన్ని వందల జతలు చూశారో సాయంత్రం మైకులో చెప్పేవారు. అంకె విని మేం కూడా చప్పట్లు కొట్టేవాళ్లం, అలవాటు కొద్దీ. మోక్షిత్ పెద్ద చెప్పులు కొత్తవి, అరుగూ బురదా లేవు కనక డాక్టర్లు దాటుకుంటూ పోయారు. అసిరమ్మ చెప్పులో దగ్గు మాత్రలు దొరికాయి.

"దగ్గు లేదే," అన్నాను.

"వత్తాదిలే," అంది. "ముందుగాల తగ్గించీసినారు."

డాక్టరు చూసి తేల్చలేని చెప్పులుంటే వాటి మీద ఎర్ర చీటీ పెట్టేవారు. ఆ చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్లొచ్చు. దగ్గు మాత్రలు పోశాక కూడా ఆ కోసిన రబ్బరు చెప్పు ఎవరికీ అంతుపట్టలేదు. అసిరమ్మకి ఎర్ర చీటీ వచ్చింది; పేరు, వయసు, జబ్బు ఆమెనే అడిగి దాని మీద రాశారు. లోపలికి వెళ్లాల్సినవాళ్లలో ఆమెదే ముందు జత. ఇంకో రోజులో పిలుస్తారన్నారు. ఆమె పక్కనే కూర్చుని పుండు మీద ఈగలు తోలేదాన్ని. చిటికెన వేలు అప్పటికే నేరేడుపండు రంగులో ఉంది.

అప్పుడే గోడంతా పరుచుకునేలా ఫ్లెక్సీ కట్టారు. "నిరీక్షణ నిర్మూలన పితామహులు, ఇంగ్లాండు ఆరోగ్య మంత్రివర్యులు హాబ్లీ మహాశయులకు స్వాగతం." దొర మన సున్నాని కళ్లారా చూడటానికి వస్తున్నాడట. కింద ఆయన విజయప్రస్థానం ఫొటోలతో వేశారు. పనేం లేదు కనక రెండుసార్లు చదివాను.

ఆయన మొదట రవాణా మంత్రి. బస్సులు ఆలస్యంగా వస్తున్నాయని జనం గోల పెడితే, బస్టాపుల్లో బస్సులు వచ్చే వేళలు రాసిన పలకలు పీకించాడు. ఆనాటినుంచి ఒక్క బస్సూ ఆలస్యం కాలేదు. అందుకు మెచ్చి జైళ్లు ఇచ్చారు. ఖైదీలు పారిపోతున్నారంటే సాయంత్రం లెక్కపెట్టడం మాన్పించాడు. పారిపోవడం ఆగిపోయింది. తర్వాత నదులు ఇచ్చారు. వంతెనల మీద నీటిమట్టం గీతలు చెరిపించాడు. వరదలు తగ్గాయి. చివరికి ఆరోగ్యం ఇచ్చారు. అక్కడ మాత్రం ఆయనకి పూర్తిగా కలిసిరాలేదట. ఎన్ని చేసినా కొందరు మనుషులు మిగిలిపోతున్నారట.

"మంచి పనోడే," అంది అసిరమ్మ, నేను చదివి వినిపిస్తే. "నా కాలు సూడకుండా నయం సేసీగలడు."

దొర వచ్చే రోజు పొద్దున్నే మోక్షిత్ ఒళ్లు కాలింది. చొక్కా విప్పి తడిగుడ్డతో తుడుస్తూ ఉన్నాను. మునిసిపాలిటీ లారీ వచ్చింది. దొర కంటికి బాగుండవని, మొదటి కొన్ని జతలు తప్ప మిగతా బారంతా పారలతో ఎత్తి లారీలో పోశారు. మోక్షిత్ పెద్ద చెప్పులు కూడా పోయాయి. మిగిలిన జతల్ని సబ్బుతో కడిగి ఎర్ర తివాచీ మీద సర్దారు. అన్నిటికంటే ముందు అసిరమ్మవి, ఎర్ర చీటీతో సహా.

ఈలోగా టీ కొట్టు దగ్గర ఒక బస్సు ఆగింది. దానికి బ్యానరు కట్టి ఉంది: "నిరీక్షించని వారి విడిది." బైపాస్ మీద ఏదో కల్యాణమండపంలో దింపుతారట, దొర వెళ్లిపోగానే తెచ్చేస్తారట. చెప్పుల్లేని కాళ్లతో జనం ఎక్కుతున్నారు. అసిరమ్మని ఇద్దరు రెక్కలు పట్టి లేపారు.

అప్పుడే నా చేతుల్లో మోక్షిత్ బిగుసుకుపోయాడు. కళ్లు పైకి వెళ్లిపోయాయి. పెదాలు నీలం తిరిగాయి.

ఎవరో తాళాలు వాడి చేతిలో పెట్టమంటున్నారు. ఎవరో ఉల్లిపాయ అంటున్నారు. నేను వాణ్ని పక్కకి తిప్పి పట్టుకుని రోడ్డు వంక చూశాను. గార్డు గేటుకి అడ్డంగా ఉన్నాడు. "సెప్పులేయమ్మా? వరసలో సెప్పుల్లేకుండా పంపితే నా ఉజ్జోగం పోద్ది," అంటున్నాడు. అంటూనే పిల్లాడి వంక చూస్తున్నాడు.

"ఒలే," అంది అసిరమ్మ. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉంది. "ముందున్నయి నాయే. ఏసుకుని పో."

"మరి నీ కాలో?"

"నా కాలు ఇయ్యాల కాపోతే రేపు సూత్తారు. గుంటడికి రేపుందేటి? బేగెల్లు."

పరుగెత్తాను. వెనక్కి చూడలేదు. ముందు జత నాదని చెప్పగానే గార్డు పక్కకి తప్పుకున్నాడు.

మెట్ల దగ్గర మన మంత్రిగారు, హాబ్లీ దొర, పరాంకుశంగారు, కెమెరాలు. దొర ఏదో అడిగాడు. నీలాద్రిరావుగారు తెలుగు చేశారు: "రోగులెక్కడ అని మంత్రివర్యుల ప్రశ్న."

"లేరని చెప్పండి," అన్నారు మన మంత్రిగారు.

చెప్పారు. దొర జేబురుమాలు తీసి కళ్లద్దుకున్నాడు. జీవితమంతా తాను వెతికినది ఇదేనని అన్నాడట.

సరిగ్గా అప్పుడు నేను బిగుసుకున్న పిల్లాడితో తివాచీ మీదికి దూకి అసిరమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టాను. అవి నాకు వదులు. నీలాద్రిరావుగారి ముఖం పాలిపోయింది. కానీ ఆయన ఊరికే అంత పెద్దవాడు కాలేదు.

"ప్రత్యక్ష ప్రదర్శన," అన్నారు గట్టిగా. "పాదధారణ క్షణం నుంచి వైద్య సాన్నిధ్యం వరకు పట్టే వ్యవధిని గౌరవ అతిథులు గమనించవలసిందిగా మనవి."

దొర చేతి గడియారం చూసుకున్నాడు. తలుపులు తెరిచారు. నన్ను నలుగురు దాదాపు ఎత్తుకుపోయారు. వెనక చప్పట్లు వినబడ్డాయి. ఆ ఆసుపత్రిలో అంత వేగంగా డాక్టరు దగ్గరికి చేరిన మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

లోపల కుర్ర డాక్టరు ఎర్ర చీటీ చదువుకుంటున్నాడు. "అసిరమ్మ. ఆడ, అరవై దాటింది. కాలి పుండు." తలెత్తి మోక్షిత్‌ని చూశాడు. చీటీ చూశాడు.

"పుండేదమ్మా?"

"బాబుకి ఫిట్స్ డాక్టరుగారూ. ఆగట్లేదు."

ఆయన చీటీని బల్ల మీద బోర్లా పెట్టాడు. వాడి ముక్కులో మందు కొట్టాడు, ఆక్సిజన్ పెట్టాడు. కాసేపటికి వాడి వేళ్లు విచ్చుకున్నాయి. నా కొంగు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపంత మంచి చప్పుడు నేనింకెప్పుడూ వినలేదు.

"పేరు మార్చడం నా చేతిలో లేదమ్మా," అన్నాడు డాక్టరు మెల్లగా. "మందివ్వడం ఉంది. తలకి పరీక్ష చేయించేదాకా మంచం వదలకండి."

అలా మా బాబు ఈ వార్డులో అసిరమ్మ అయ్యాడు. మంచానికి అదే పేరు రాసి ఉంది. పొద్దున్నే సిస్టరు వచ్చి, "అసిరమ్మా, పాలు తాగావా?" అంటుంది. వాడు ఈమధ్య ఆ పేరుకి తిరిగి చూస్తున్నాడు. డ్రెస్సింగు చేసేవాళ్లు రోజూ దుప్పటి తీసి వాడి కుడికాలు చూస్తారు. బుల్లి చిటికెన వేలు, మచ్చ కూడా లేదు. "పుండు సంపూర్ణంగా మానింది" అని రాసుకుని వెళ్తారు. సుగరు వల్ల వచ్చిన పుండు ఇంత త్వరగా, ఇంత నున్నగా మానడం ఇదే మొదటిసారని పరాంకుశంగారు చూడటానికి వచ్చారు. పెద్ద డాక్టర్ల సభలో చెబుతారట.

ఆయన్నే అడిగాను. "అయ్యా, అసలు అసిరమ్మ బస్సెక్కింది. ఇంకా రాలేదు."

ఆయన నీలాద్రిరావుగారికి ఫోను చేసి నాకు అందించారు.

"ఏ అసిరమ్మ?" అన్నారు ఆయన.

"కాలి పుండు అసిరమ్మండీ. చెప్పులు నాకిచ్చిన ఆవిడ."

"ఆ రోగి మీ మంచం మీదే కోలుకుంటోంది కదమ్మా. మరొక అసిరమ్మ ఉన్నట్టయితే ఆమె చికిత్స కోసం ఎదురుచూస్తున్నట్టు అవుతుంది. ఎదురుచూసేవారు రాష్ట్రంలో లేరు. శాసనసభలో ప్రకటించాం." గొంతు తగ్గించి, "పిల్లాడికి నయమైంది కదా. ఇంకేం కావాలి?" అన్నారు.

మన మంత్రిగారికి ఇప్పుడు రెండు శాఖలు ఎక్కువిచ్చారు. నీలాద్రిరావుగారికి ఆకలి నిర్మూలన అప్పగించారు. కంచాల్ని వరసలో పెట్టే ఆలోచన చేస్తున్నారని వార్డుబాయి అన్నాడు. హాబ్లీ దొర వాళ్ల దేశంలో ఆసుపత్రుల ముందు బూట్ల బారు ప్రారంభించాడట, చలికి వాటికి ఊలు మేజోళ్లు కూడా ఇచ్చారట. ఇంకా పెద్ద పదవికి ఆయన పేరే వినబడుతోందని గేటు దగ్గర కొత్త ఫ్లెక్సీ చెబుతోంది. అందులో ఆయన చేతిలో ఒక రబ్బరు చెప్పుంది. చిటికెన వేలి దగ్గర కోసిన చెప్పు. ఆ రోజు నన్ను లోపలికి తోసే ముందు దొర ఒక్క క్షణం నా కాలి నుంచి అడిగి తీసుకుని, ఫొటో తీయించుకుని మళ్లీ ఇచ్చాడు. మర్యాదస్తుడు.

అసిరమ్మని వెతకడానికి నేను వెళ్దామంటే కుదరదు. రోగి తోడు మనిషి వార్డు దాటితే మంచం ఖాళీ అయినట్టు లెక్క. తలకి పరీక్ష ఇంకా కాలేదు. మా ఆయన లారీ బరంపురం దగ్గర ఆగిపోయింది. ఆయన వచ్చేదాకా ఆగే కాలు కాదది.

అందుకని ఇది చదివేవాళ్లకి చెబుతున్నాను. మీరెవరైనా ఈ ఆసుపత్రి ఉన్న ఊరి బైపాస్ మీదుగా వెళ్తే, వార్డుబాయి చెప్పిన గుర్తుల ప్రకారం సిమెంటు గోడౌను దాటాక పచ్చ రంగు గేటున్న కల్యాణమండపం వస్తుంది. బండి ఆపి ఒకసారి లోపలికి చూడండి. వేళ్లు నల్లగా ఉండే ముసలావిడ కోసం వెతకండి. ఎదురుచూస్తున్నావా అని మాత్రం అడగకండి, లేదంటుంది. అన్నం తిన్నావా అని అడగండి. తర్వాత కుడికాలు చూడండి. ఆ నలుపు చిటికెన వేలి దగ్గరే ఉందా, పక్క వేళ్లకి ఎక్కిందా చూడండి. ఎక్కితే వెంటనే ఏ డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్లండి. ఎత్తుకుని తీసుకెళ్లండి. ఆవిడ చెప్పులు నా మంచం కింద ఉన్నాయి, దయచేసి నడిపించకండి.